తమ్ముడి పేరు, అన్న నెత్తురు

మా మరిది పెదవులు వాచిన రోజు అందరికంటే ముందు నవ్వింది మా అత్తగారు. కన్నతల్లి కనుక ఆ హక్కు ఆవిడకే చెల్లింది. "ఏరా, కందిరీగను గాని ముద్దు పెట్టుకున్నావా?" అని అడిగింది. మేమూ నవ్వాం. అతను కూడా నవ్వబోయాడు గాని పై పెదవి మాట వినలేదు.

మాది పప్పుల కొట్టు. పప్పులంటే కూరలో వేసుకునేవి కావు. బాదం, జీడిపప్పు, పిస్తా, అక్రోటు, హేజల్‌నట్టు. చెట్టున కాసే గింజలన్నీ చివరికి మా గుమ్మం ఎక్కుతాయి. వీధివైపు అమ్మే గది, దాని వెనుక వేయించే గది, పైన మా ఇల్లు. వేయించే గది గోడలు ఒకప్పుడు తెల్లగా ఉండేవని మా అత్తగారు అంటుంది గాని, చూసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. పొట్టు ఎగిరి మెట్ల మీద, మంచాల కింద, మా జుట్టులో చేరుతుంది. గల్లా దగ్గర బావగారు కూర్చుంటారు. బస్తాలు దింపించుకోవడం మా ఆయన పనిగా ఉండేది. ఆయన పోయాక ఆ పని కూడా బావగారి మీద పడింది, నేను తూకం దగ్గరికి వచ్చాను. పొయ్యి దగ్గర మా మరిది.

వేయించడం ఎవరైనా చేస్తారు. మా మరిది గొప్పతనమంతా నోట్లో ఉంది. ప్రతి వాయ దించే ముందు ఒక పప్పు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటాడు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి మా అత్తగారు తుమ్మితే వాయ పాడైందని అలిగాడు. ఉప్పు చిటికెడు ఎక్కువైనా, గోదాములో బస్తాకు తడి తగిలినా నమిలి చెప్పేస్తాడు. బజారులో అతని పేరు ఎవరికీ గుర్తులేదు, నాలుక అంటారు. "నాలుక చూశాడా?" అని అడిగి, చూశాడంటేనే పొట్లం అందుకుంటారు. అలాంటి నాలుక ఆ రోజు నోట్లో పట్టకుండా పోయింది.

పెదవుల తర్వాత మెడ మీద దద్దుర్లు లేచాయి. తర్వాత వాంతి. తర్వాత గొంతు బొంగురుపోయి, ఊపిరి పీలిస్తే ఈల వేసినట్టు చప్పుడు వచ్చింది. అత్తగారు నవ్వడం మానేసింది. పక్కవీధిలోనే ఆసుపత్రి. బావగారు ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకుని నడిపించాం. అతని భార్య, మా తోటికోడలు, చెప్పులు కూడా వేసుకోకుండా ముందు పరిగెత్తింది. డాక్టరమ్మ చూసీ చూడగానే తొడలో ఇంజెక్షను పొడిచింది. సూదిని చూసి మా మరిది కళ్లు తేలేశాడు. కాసేపటికి ఊపిరి దారిన పడింది.

ఏం తిన్నారని డాక్టరమ్మ అడిగింది. తిననిది ఏదో అడిగితే చెప్పడం సులువన్నాడు. ఆ పూట అయిదు రకాలూ వేయించాడు, అయిదు రకాలూ నమిలాడు. అప్పుడు మా తోటికోడలు అసలు సంగతి బయటపెట్టింది. కొంతకాలంగా పెదవులు జివ్వుమంటున్నాయట, చెవుల్లో దురదట. ముందు పళ్ల పేస్టు మార్చాడు. ఆ తర్వాత తలగడ మార్చాడు. ఆ తర్వాత ఆవిడ వాడే సబ్బు మీద అనుమానపడ్డాడు. గుప్పిట్లో ఉన్న పప్పును మాత్రం అనుమానించలేదు. అన్నం పెట్టే చేతిని ఎవరు అనుమానిస్తారు.

ఏదో ఒక గింజ ఈయన ఒంటికి పడటం లేదు, అది ఒకటో రెండో తేలాలి, అందుకు నెత్తురు తీసి ఒక్కొక్క గింజకూ విడివిడిగా పరీక్ష చేస్తారు అని డాక్టరమ్మ చెప్పింది. అది తేలేదాకా ఒక్క పలుకు కూడా నోట్లో వేయొద్దంది. ఈసారి బతికించాం, ప్రతిసారీ పక్కవీధిలోనే ఉంటానన్న నమ్మకం లేదు అని కూడా అంది.

ఇంటికొచ్చాక బావగారు నమ్మలేదు. చేపకు నీళ్లు పడవని ఎవరైనా చెబితే నవ్వమా అన్నారు. ఆయన దిగులు ఆయనది. పప్పుల కొట్టు వాడికే పప్పులు పడవని తెలిస్తే బజారు ఊరుకుంటుందా? ఎదురు కొట్టతను ఈ కబురును ఉప్పు పట్టించి మరీ పంచుతాడు. మా మరిది దిగులు వేరు. సూది. మా తోటికోడలి పురుటికి తోడు వెళ్లి, ఆవిడకు సెలైను సూది గుచ్చుతుంటే చూసి పడిపోయి, పక్క మంచం ఎక్కినవాడు అతను. ఆ రోజు బిడ్డను ముందు చూపించింది ఆవిడకు కాదు, ఈయనకు, లేస్తాడేమోనని.

నెత్తురు ఇవ్వడానికి అన్నదమ్ములిద్దరే బయల్దేరారు. తోటికోడలు నేనూ వస్తానంటే, నెత్తురు తీయించుకోవడానికి కూడా పెళ్లిచూపుల్లాగా పదిమంది ఎందుకని బావగారు ఆపేశారు. వెళ్లినంతసేపు పట్టలేదు, వచ్చేశారు. మరిది చేతులు ఊపుకుంటూ వచ్చాడు. నొప్పి పుట్టిందా అని భార్య అడిగితే చీమ కుట్టినట్టయినా లేదన్నాడు. అందులో అబద్ధం లేదు. బావగారు మాత్రం అంత ఉక్కలో చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాలు పెట్టుకున్నారు.

రిపోర్టు వచ్చిన పొద్దున మేమంతా కొట్లోనే ఉన్నాం. బావగారు రోజూలాగే గుప్పెడు జీడిపప్పు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే నోట్లోకి విసురుకుంటున్నారు. పళ్లు తోముకోగానే అది ఆయనకు నియమం. తోటికోడలు కాగితం విప్పి చదివింది. బాదం లేదు. హేజల్‌నట్టు లేదు. అక్రోటు లేదు. జీడిపప్పు, ఉంది. పిస్తా, ఉంది.

మరిది ఒళ్లు విరుచుకుని వేయించే గదిలోకి నడిచాడు. బావగారు నమలడం ఆపేశారు. నోట్లోది అరచేతిలోకి ఉమ్మి, దానివైపు తేలును చూసినట్టు చూశారు.

ముద్దాయి ఎవరు, మొహం వాడిపోయింది ఎవరిది అని నాకు అనుమానం వచ్చింది గాని, మా అత్తగారు నాకంటే ముందుంది. స్టూలు మీద నుంచి దిగకుండానే పెద్దకొడుకును పిలిచింది.

"చొక్కా చెయ్యి పైకెత్తు."

"ఎందుకమ్మా?"

"ఎత్తమన్నాను."

మనవలున్న మనిషి, గల్లా ముందు నిలబడి బొత్తాం విప్పి చెయ్యి మడిచారు. మోచేతి మడతలో కమిలిన మచ్చ, అప్పటికే పసుపురంగుకు తిరుగుతోంది. మరిదిని పిలిచి చూస్తే రెండు చేతులూ అద్దంలా ఉన్నాయి.

బావగారు చెప్పుకున్నది న్యాయంగానే ఉంది, వింటున్నంతసేపూ. ల్యాబులో పేరు పిలవగానే వీడు కుర్చీ వెనక్కి నక్కాడట. ఈయనే నేనేనని లేచి చెయ్యి చాపారట. "ఇద్దరిదీ ఒకటే గ్రూపు. ఎప్పుడైనా అవసరమొస్తే నా నెత్తురు వాడికి ఎక్కించొచ్చని డాక్టర్లే చెప్పారు. ఎక్కించడానికి పనికొచ్చిన నెత్తురు చూసుకోవడానికి పనికిరాదా?" అన్నారు. అసలు భయమంతా అదే, ఆ మాటలో తప్పెక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"మీ ఇద్దరికీ పాలే ఇచ్చాను," అంది అత్తగారు. "తెలివి కూడా ఇవ్వాలని అప్పుడు తోచలేదు."

ఆ పూట నుంచి మా ఇంట్లో రోగి మారిపోయాడు. బావగారికి జీడిపప్పు వాసన తగిలితే చాలు, మెడ గోక్కోవడం మొదలుపెట్టారు. తూకం పళ్లెం తిప్పి అందులో నాలుక చూసుకునేవారు. మూతికి రుమాలు కట్టుకుని గల్లా దగ్గర కూర్చుంటే, కొనడానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగి దొంగతనం జరుగుతోందా అని తొంగి చూశారు. ఇన్నేళ్లుగా తిన్న జీడిపప్పంతా కడుపులో ఒక మూల పొంచి ఉందని, ఒకేసారి లేస్తుందని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది.

మరిది అన్నయ్యను చూసి జాలిపడ్డాడు, నిజంగానే. తన పేరు మీద రిపోర్టు ఉన్నా అది అన్నయ్య నెత్తురు, కాబట్టి తన మీద ఏ కేసూ లేదు. ఆ రోజు ఊపిరాడనిది పొయ్యి సెగకు, ఖాళీ కడుపుకు. ఇలా తేల్చేసుకుని, మూలపడిన బాణలి తోమించి, జీడిపప్పు వాయ ఎక్కించాడు. నేను గుమ్మం తెర తీసి చూస్తే అప్పటికే గది నిండా వేపుడు వాసన. నేను వద్దన్నాను. వదినా, నువ్వు తూకం చూసుకో అన్నాడు. అతని గొంతులో గట్టితనం లేదు గాని గరిటె మాత్రం ఆగలేదు. నాకు అర్థమైంది. అది తిండి యావ కాదు. రుచి చూడని నాలుక కొట్లో ఎందుకు, అన్నది అతని భయం. గరిటె తిప్పేవాణ్ని ఎవరినైనా పెట్టుకోవచ్చు.

దించే వేళకు పప్పు తీసుకుని ఊదుకుంటున్నాడు. తోటికోడలు వచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ నోరు ఇంట్లో అందరికీ తెలుసు, ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడింది.

"ఆ రోజు ఆసుపత్రికి బయల్దేరే ముందు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయారు. గొంతు రాలేదు. ఏం చెప్పబోయారో ఇప్పుడు చెప్పండి. చెప్పి తినండి."

మరిది పప్పును వేళ్ల మధ్య తిప్పాడు. అబద్ధం చెప్పే అవకాశం ఉంది, అతనికి రాలేదు.

"పొయ్యి కట్టెయ్యమని," అన్నాడు.

ఆవిడ తల ఊపింది. మా ఆయన చివరిమాట కూడా అంతకంటే గొప్పదేమీ కాదు. ఇంకో దుప్పటి ఉందా అన్నారు. లేదన్నాను. వెతికితే ఉండేది. మనిషి పోతాడని తెలియక మాట్లాడే మాటలు అలాగే ఉంటాయి. ఈ సంగతి తోటికోడలికి నేనెప్పుడో చెప్పాను, ఆవిడ నావైపు ఒక్కసారి చూసి మళ్లీ మొగుడివైపు తిరిగింది.

"చివరిమాటగా పొయ్యి గురించి విని బతుకంతా కూర్చోవడం నా వల్ల కాదండీ," అంది. వంగి పొయ్యి కట్టేసింది. "పదండి. ఇద్దరూ."

ఇద్దరూ అంటే అన్నదమ్ములు. నేనూ వెంట నడిచాను. అత్తగారు కూడా బయల్దేరింది. ఎందుకంటే వినోదానికట.

డాక్టరమ్మ గదిలో కుర్చీలు చాలక బావగారు బరువు చూసే యంత్రం మీద నిలబడ్డారు. కథంతా విని డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ముందు నవ్వింది. తర్వాత నవ్విన దానికంటే ఎక్కువసేపు తిట్టింది. ఒకరి పేరు మీద ఇంకొకరి నెత్తురు పెట్టడమంటే, రేపు ఈయన స్పృహ లేకుండా వస్తే మేము ఆయన ఒంటికి వైద్యం చేస్తాం అంది. అన్నదమ్ములిద్దరూ నేల చూపులు చూశారు. గ్రూపు అంటే నెత్తురు ఎక్కించడానికి చూసుకునేది, ఏది పడుతుందో ఏది పడదో ఎవరి ఒంటిది వాళ్లదే, కవలలకైనా కలవాలని లేదు అని చెప్పింది. తర్వాత బావగారిని అడిగింది.

"జీడిపప్పు తింటే మీకు ఎప్పుడైనా ఏమైనా అయిందా?"

ఒళ్లంతా దురదలని, గొంతు పట్టేస్తోందని బావగారు మొదలుపెట్టారు.

"ఎప్పటి నుంచి?"

"రిపోర్టు చదివిన కాడి నుంచి."

"చదవకముందు?"

"రోజూ గుప్పెడు తినేవాణ్ని. ఏమీ లేదు."

"అయితే మీకు పడనిది జీడిపప్పు కాదు, కాగితం."

మరి నెత్తురులో ఉందని రాశారే అని బావగారు పట్టువదల్లేదు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఈ పరీక్షలో తెలిసేది నెత్తురు ఆ గింజను గుర్తుపడుతోందా లేదా అన్నంతవరకే. వీధిలో తెలిసిన మనిషి కనపడితే అందరితోనూ కలబడతామా? కొందరి నెత్తురు గుర్తుపట్టి ఊరుకుంటుంది, కొందరిది గుర్తుపట్టగానే కర్ర తీస్తుంది. ఎవరిది ఏ రకమో తిన్నప్పుడు ఏం జరిగిందన్నదాన్ని బట్టి, అంకె ఎంత పెద్దదన్నదాన్ని బట్టి కలిపి చూడాలి. మీరు ఇన్నేళ్లుగా హాయిగా తింటున్నారు, అంకె కూడా చిన్నది, వెళ్లి తినండి అంది. బావగారి మొహం వెలిగింది. ఆవిడ మరిదివైపు తిరిగింది. మీకు తిన్నప్పుడు ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను, అంకె ఒక్కటే చూడలేదు, అది ఈ రోజు చూస్తాను అంది.

ల్యాబు వరండా చివర గది. అద్దాల కిటికీ, మూతల రంగులు వేరువేరుగా ఉన్న గొట్టాలు, ఒక ఇనుప మంచం. నెత్తురు తీసే అమ్మాయి మరిదిని చూసి, పేరు అడిగి, బావగారిని చూసి, మళ్లీ పేరు అడిగింది. అత్తగారు ఇది మా చిన్నవాడు, ఈసారి అసలైనదే తెచ్చాం అని హామీ ఇచ్చింది. ఆ అమ్మాయి అతన్ని మంచం మీద పడుకోబెట్టింది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తోటికోడలు ఒక చెయ్యి పట్టుకుంది. అత్తగారు పాదాలు పట్టుకుంది, పారిపోకుండా.

ఆ అమ్మాయి దూదితో తుడుస్తూ, మా ఇంట్లో బాదం వేయిస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది, ఎందుకంటారు అని అడిగింది. అలాంటి ప్రశ్నకు ఊరుకోవడం అతని వల్ల కాదు. మంట పెద్దది పెడుతున్నారన్నాడు. చిన్నదే పెడతామంది. అయితే బాణలి పల్చనిదన్నాడు. మందమే అంది. అయితే మీరు మధ్యలో టీవీ చూస్తున్నారన్నాడు. దానికి ఆ అమ్మాయి నవ్వి, అయిపోయిందండీ అంది. అతను కళ్లు తెరిచాడు. గొట్టం నిండా ఉన్న తన నెత్తురును చూశాడు. అప్పుడు పడిపోయాడు, పడుకునే ఉన్నాడు గనుక ఎక్కడికీ పడలేదు.

ఈసారి రిపోర్టును డాక్టరమ్మే చదివింది. జీడిపప్పు, పిస్తా రెండూ ఉన్నాయి. అన్నగారి అంకె చీమ అయితే ఇది ఏనుగు. బాదం, హేజల్‌నట్టు లేవు. అక్రోటు దగ్గర మాత్రం ఉందీ లేదన్నట్టు చిన్న అంకె. జీడిపప్పూ పిస్తా దాయాదుల్లాంటివి, ఒకటి పడనివాడికి రెండోది కూడా తరచు పడదట. ఆ రెండూ ఇక మీకు లేనట్టే అంది. పొడి కూడా తగలకూడదు, ఆ బాణలి వేరు, గరిటె వేరు, గది వేరు. అక్రోటు సంగతి ఒకరోజు ఇక్కడ మా ముందే తిని తేల్చుకుందాం అంది.

దానితో అయిపోలేదు. సొరుగు లోంచి లావుపాటి కలంలాంటిది తీసింది. మందు నింపిన సూది. ఎప్పుడూ జేబులో ఉండాలి, పొరపాటున తిని ఊపిరి ఆడకపోతే ప్యాంటు మీద నుంచే తొడలోకి పొడుచుకోవాలి, ఆ వెంటనే ఆసుపత్రికి రావాలి. సూది అంటే పడిపోయేవాడి జేబులోనే సూది పెట్టింది దేవుడు. మా మరిది దాన్ని దూరం నుంచే చూసి, ఇది ఇంకెవరైనా పొడవొచ్చా అని అడిగాడు.

"పొడవొచ్చు. కాని మీ తొడలోకే. అన్నయ్య తొడ ఇస్తానంటే కుదరదు."

నేర్చుకోవడానికి సూది లేని బొమ్మ కలం ఒకటి ఇచ్చారు. తోటికోడలు దానితో ఇంటిల్లిపాదినీ పొడిచింది. బావగారు గల్లా దగ్గర వంగితే చాలు, వెనుక నుంచి వచ్చి తొడ మీద టక్కుమని నొక్కేది. అత్తగారు నాక్కూడా అని కాలు చాపేది.

అక్రోటు పరీక్ష కుదిరేదాకా మా మరిది ఏ పప్పూ ముట్టలేదు. బాదం తినొచ్చన్నా తినలేదు, అలిగాడు. రుచి చూసే పని బావగారు నెత్తిన వేసుకున్నారు. జీడిపప్పు తిరిగొచ్చిన సంబరంలో ఆయనకు ఏది తిన్నా బ్రహ్మాండంగా ఉంది. మాడినా బాగుంది, పచ్చిగా ఉన్నా బాగుంది. ఒకావిడ పొట్లం వెనక్కి తెచ్చి సబ్బు నమిలినట్టుందంటే, ఆయన ఆవిడ ఎదురుగానే నాలుగు తిని, మంచి సబ్బే అనబోయి ఆగారు. నాలుక చూశాడా అని ఎవరైనా అడిగితే నేను ఏదో పని ఉన్నట్టు తూకం రాళ్లు సర్దేదాన్ని.

పరీక్షకు అక్రోటు మీరే తెచ్చుకోమన్నారు. ఇంకో గింజ పొడి తగలకుండా ఉండాలని తోటికోడలు గుల్లతో ఉన్న కాయలు, బావగారు అప్పుడే దింపిన కొత్త బస్తాలోంచి ఏరి, చేతులు కడుక్కుని పైన ఇంట్లోనే పగలగొట్టి డబ్బాలో పెట్టింది. ఆసుపత్రిలో మంచం పక్కన ఆక్సిజను సిలిండరు, పళ్లెంలో సిద్ధంగా ఇంజెక్షను. వాటివైపు చూడకుండా మా మరిది గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ముందు ఒక రవ్వ పెదవికి తాకించారు. ఆగారు. తర్వాత రవ్వంత నోట్లో. మళ్లీ ఆగారు. నర్సు నాడి చూసి రాసుకుంటోంది. మేమంతా అతని మొహమే చూస్తున్నాం. గదిలో చప్పుడల్లా అత్తగారి చేతిగాజులదే.

పావు ముక్క ఇచ్చారు. నమిలాడు. ఉన్నట్టుండి మొహం ముడుచుకుపోయింది. కళ్లు మూసుకున్నాడు, ఒక చెయ్యి పైకెత్తాడు. తోటికోడలు లేచింది, ఆవిడ చేతిలో కలం, ఈసారి బొమ్మది కాదు. నర్సు పళ్లెం అందుకుంది. గొంతులో ఏమైనా ఉందా అని డాక్టరమ్మ వంగి అడిగింది. నాకు ఆ క్షణంలో దుప్పటి గుర్తొచ్చింది.

అతను మింగి కళ్లు తెరిచాడు.

"ఇది ముక్కిపోయింది," అన్నాడు.

ఊపిరి ఎలా ఉందని డాక్టరమ్మ అడిగింది. ఊపిరికేం, దివ్యంగా ఉంది, సరుకే దరిద్రంగా ఉందన్నాడు. ఇది పోయిన ఏటి పంట, కొత్త గోనెలో పోసి అంటగట్టారు, ఈ బస్తా ఎవరు దింపుకున్నారు అని అడిగాడు. బావగారు పైకప్పు వైపు చూశారు. తినే దింపుకున్నారా అని అడిగాడు. తిన్నానన్నారు బావగారు. ఎలా ఉందన్నాడు. బాగుందనిపించింది అన్నారు బావగారు, చిన్న గొంతుతో.

"నాకు కావలసింది మీరు తినడం," అని డాక్టరమ్మ కసిరింది. "రుచి తర్వాత."

అతను డబ్బా ముందుకు లాక్కుని, ముక్కలు ఒక్కొక్కటే వాసన చూసి, పనికొచ్చేవి ఏరుకుని అవే తిన్నాడు. ముక్కు చిట్లిస్తూనే తిన్నాడు. పొద్దు వాలేదాకా మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టారు. దద్దురు లేదు, దురద లేదు. అక్రోటు గట్టెక్కింది. డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెడుతూ, మీ కొట్లో ఏది కొనమంటారు అని అడిగింది. ఇంకో నెల దాకా ఏదీ కొనొద్దన్నాడు మా మరిది.

ఆ నెలలోనే కొట్టు తిరగేశాం. వేయించే గది కడిగి, గోడలకు వెల్ల వేయించాం. అందులో బాదం, అక్రోటు, హేజల్‌నట్టు మాత్రమే, పొయ్యి దగ్గర మా మరిదే. జీడిపప్పు, పిస్తా పెరటివైపు గోదాము గదిలోకి వెళ్లిపోయాయి. అక్కడ గరిటె బావగారిది. రుచి ఎవరిదన్న దగ్గర పేచీ వచ్చింది. బావగారు తన నోరు ఉందన్నారు. అత్తగారు ఆ నోరు తినడానికే పుట్టింది, చెప్పడానికి కాదని కొట్టేసింది. తనకు పళ్లు లేవు, నాకు ఉప్పు మానెయ్యమన్నారు. మిగిలింది తోటికోడలు. ఇన్నేళ్లు నాలుక పక్కన పడుకున్నదానికి ఆ మాత్రం అంటకపోతుందా అంది అత్తగారు.

మొదటి జీడిపప్పు వాయ రోజున మా మరిది లోపలికి రాలేదు, రాకూడదు కూడా. పెరట్లో, గోదాము కిటికీకి ఎడంగా నిలబడ్డాడు. జేబులో కలం. నేను గుమ్మంలో ఉన్నాను. రంగు ఎలా ఉందని కేక వేశాడు. మీ అన్నయ్య బట్టతల రంగు అంది తోటికోడలు. చలికాలందా, వేసవిదా అన్నాడు. వేసవిది అంది. అయితే దించెయ్యమన్నాడు. బావగారు బాణలి చెవులు పట్టుకున్నారు.

"ఉండండి బావగారూ," అంది తోటికోడలు. ఒక పప్పు తీసుకుని, ఊదుకుని, నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకోలేదు. మొగుడి వైపు చూస్తూనే నమిలింది. "ఇంకాస్త ఉండాలి. నడుమ పచ్చి ఉంది."

లేదు, అయిపోయింది, రంగు తిరిగాక ఆగితే మాడుతుంది అన్నాడు మరిది. ఇరవై ఏళ్లుగా వేయిస్తున్నానన్నాడు.

"తిన్నది నేను," అంది ఆవిడ.

బావగారు గరిటె ఎత్తి పట్టుకుని ఇటొకసారి, అటొకసారి చూశారు. మా మరిది ఒక అడుగు ముందుకు వేశాడు. కిటికీ దాకా వచ్చేవాడే. నోట్లో ఏమీ లేకపోయినా దవడ కదులుతోంది. అక్కడే ఆగిపోయాడు. జేబు తడుముకున్నాడు. చొక్కా కింది అంచు లాక్కున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు చివరికి, "అది చెప్పినప్పుడే దించు."

అని బాదం పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి గాలి పీల్చాడు, అది మేము చూడనట్టే ఊరుకున్నాం.